మ్యాప్‌లో పచ్చగా ఉన్నాం, ఫోన్‌లో లేము: బ్రాడ్‌బ్యాండ్ కవరేజ్ మ్యాపులు వేసే అధికారులకి ఓ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

టెలికాం శాఖలో, టెలికాం కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్‌లో, పల్లెల్లో ఫోన్, నెట్ వెయ్యడానికి డబ్బులిచ్చే డిజిటల్ భారత్ నిధిలో, రాష్ట్రంలో ఫైబర్ పనులు చూసే ఆఫీసుల్లో, జిల్లాలో ఆ మ్యాపులు చూసి రిపోర్టులు పంపే సీట్లలో ఉన్న అందరికీ నమస్కారం అండి. మీకు పని ఎక్కువ, మాకూ అంతే, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తా.

మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ పక్కనున్న ఓ లంక. ఊరి పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే ఎవరో ఒకరు జీపేసుకుని వచ్చి ఆ ఒక్క ఊళ్ళో ఓ బాక్సు బిగించి ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, పక్క లంక అలాగే ఉండిపోద్ది. ఇది మా ఒక్క ఊరి గొడవ కాదు. పి.గన్నవరం, మామిడికుదురు, అయినవిల్లి, ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు లంకల్లో, ఏటి అవతల యలమంచిలి, ఆచంట మండలాల్లో ఎవర్ని కదిపినా ఇలాంటి కథే ఏదో ఒకటి చెప్తారు. నేను గట్టు దిగువన చిన్న జెరాక్స్, నెట్ షాపు నడుపుతున్నా, ఊళ్ళో అందరి ఆన్‌లైన్ పనులూ నా దగ్గరికే వస్తాయి, అవ్వకపోతే తిట్లూ నాకే వస్తాయి.

అసలు జరిగింది ఇది. మా పంచాయతీ ఆఫీసు ఏటిగట్టు అవతల పెద్ద ఊళ్ళో ఉంది. మా శివారు పాయకి ఇవతల ఉంది. ఎండాకాలం పాయలో ఇసుక మీద బాట వేస్తారు, బళ్ళు తిరుగుతాయి, వరదతో ఎర్రనీళ్ళు వచ్చాక నాటు పడవే గతి. పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ వచ్చింది, అది నిజం, కాదనట్లేదు. అక్కణ్ణించి మా వైపు ఒక్క తీగ రాలేదు. కానీ గవర్నమెంట్ లెక్కలో మా పంచాయతీ మొత్తం ‘సర్వీస్ రెడీ’, అంటే నెట్ ఇవ్వడానికి అంతా సిద్ధం అని. మొబైల్ కంపెనీల మ్యాపు తెరిస్తే మా లంక మొత్తం 4జీ రంగు పూసేసి ఉంది, ఏటి మధ్యలో ఇసుక తిన్నెలతో సహా. తిన్నెల మీద ఉండేది కొంగలేనండి, వాటికైతే సిగ్నల్ బాగానే వస్తుండొచ్చు.

ఊరందరి సంతకాలతో అర్జీ పెట్టాం. ఆన్‌లైన్‌లో కంప్లయింట్ పెట్టాం. కొన్నాళ్ళకి ‘మీ గ్రామ పంచాయతీ ఇప్పటికే కవర్ అయి ఉన్నందున ఫిర్యాదు పరిష్కరించబడింది’ అన్న అర్థంలో మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ ఓపెన్ చేయడానికి కూడా గట్టెక్కాల్సి వచ్చింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ అదే జవాబు. ఎవరూ వచ్చి చూడలేదు, ఫోన్ చేసి అడగలేదు, మ్యాపు చూసి మూసేశారు. అందుకే ఇక అందరూ చూసేలా రాస్తున్నాం.

మ్యాపు ఎక్కడ తప్పుతోందో మేం గమనించినంత చెప్తాం.

మొదటి తప్పు లెక్కపెట్టే కొలతలోనే ఉంది. 2011లో ఎన్‌ఓఎఫ్‌ఎన్ పేరుతో మొదలై తర్వాత భారత్‌నెట్ అయిన, పంచాయతీలకి ఫైబర్ వేసే కేంద్ర పథకం పంచాయతీని ఒక చుక్కగా చూస్తుంది. ఫైబర్ ఆ చుక్కకి తగిలితే పంచాయతీ అయిపోయినట్టే. దేశం మొత్తం మీద ఇలా సర్వీస్ రెడీ అయిన పంచాయతీలు 2 లక్షల పైనే. కానీ కోనసీమలో పంచాయతీ అంటే ఒక ఊరు కాదు కదండీ, పెద్ద ఊరు, దాని చుట్టూ పేటలు, పాలేలు, మెరకలు, పాయ అవతల లంకలు, చెరువుల మధ్యన నాలుగిళ్ళు, అన్నీ కలిపి ఒక పంచాయతీ. లాకు దగ్గర కాలవ నిండుగా ఉందని శివారు చేనుకి నీళ్ళందినట్టు రిజిస్టర్‌లో రాసేస్తే మన డెల్టా రైతు ఊరుకుంటాడా? ఇరిగేషన్ ఆఫీసు ముందు ధర్నా చేస్తాడు. నెట్ విషయంలో మాత్రం సరిగ్గా అదే లెక్క రాస్తున్నారు, మేం కూడా ఇన్నాళ్ళు ఊరుకున్నాం.

రెండోది, ఆ చుక్క దగ్గరైనా నెట్ నడుస్తోందా లేదా అన్నది మ్యాపు చెప్పదు. ఒకసారి వెలిగితే ఎప్పటికీ వెలిగినట్టే చూపిస్తుంది. మా పంచాయతీ ఆఫీసులో ఫైబర్ వచ్చి తగిలే నెట్ బాక్సుని నేను కళ్ళారా చూశాను. మూలనున్న బీరువా పక్కన గోడకి బిగించి ఉంది, బూడిద రంగుది, మీద వేలుతో పేరు రాయగలిగినంత దుమ్ము. బ్యాటరీ ఉబ్బిపోయి మూత పడట్లేదు, మూతకి పురికొస కట్టారు. ప్లగ్ పీకేసి ఉంది, ఆ సాకెట్‌కి టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నారు. అక్కడ కూర్చునే ఆయన్ని నేను తప్పుపట్టను, రూములో ఉన్న సాకెట్ అదొక్కటే, మే నెలలో కోనసీమ ఉక్కపోతలో నెట్ లేని బాక్సుకి కరెంటు ఇవ్వాలా తనకి ఫ్యాన్ పెట్టుకోవాలా అంటే ఎవరైనా ఏం చేస్తారు. ఆ బాక్సు మాత్రం డాష్‌బోర్డు మీద ఈరోజుకీ పచ్చచుక్కే.

తీగలు తెగడం గురించి కూడా ఒక మాట. మన దగ్గర స్తంభాల మీద వేసిన ఫైబర్‌కి శత్రువులు ఎక్కువ. కొబ్బరి మట్ట పడితే తెగుద్ది, లైను కింద కొమ్మలు కొట్టేటప్పుడు తెగుద్ది, గడ్డి లోడు ట్రాక్టర్ ఎత్తుగా వేసుకుని పోతుంటే వేలాడే తీగ దానికి తగులుకుని స్తంభం దాకా ఊడొస్తుంది, అదెవరిదో కూడా తెలియక పక్కకి లాగి చుట్టచుట్టి వదిలేస్తారు. భూమిలో వేసిందాన్ని జేసీబీలు చూసుకుంటాయి. పాత పద్ధతిలో మండలం నుంచి ఒకే వరసలో పంచాయతీలకి లాగారు కాబట్టి మధ్యలో ఒకచోట తెగితే దాని అవతల ఉన్నవన్నీ పోయినట్టే. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో రింగ్ పద్ధతి పెట్టారు, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నెట్ వస్తుంది, మంచి నిర్ణయం, మెచ్చుకుంటాం. రింగ్ అయినా బాక్సు దాకానే కదా, మా ఇంటి దాకా కాదు కదా అన్నదే మా బాధ.

మూడోది మొబైల్ మ్యాపులు. 2024 ఆగస్టులో ట్రాయ్ తెచ్చిన సర్వీస్ క్వాలిటీ రూల్స్ ప్రకారం కంపెనీలు తమ కవరేజ్ మ్యాపుల్ని వెబ్‌సైట్లలో పెట్టాలి. దీన్ని నిజంగానే స్వాగతించాం, అంతకుముందు చూసుకోవడానికి కూడా ఏమీ లేదు. కానీ ఇలాంటి మ్యాపుల్లో చాలా భాగం కంప్యూటర్ అంచనా. టవర్ ఎత్తెంత, ఎంత పవర్, ఏ ఫ్రీక్వెన్సీ, నేల ఎలా ఉంది అని వేసి, ఇంత దూరం సిగ్నల్ పోవాలి అని రంగు పూస్తారు. కోనసీమ నేల చదునే కాబట్టి కంప్యూటర్‌కి మహా సంతోషం, అడ్డమేమీ లేదనుకుంటుంది. చదును నేల మీద కొబ్బరితోట ఉంది, దాని కింద అరటి ఉంది, అరటి మధ్యలో కోకో ఉంది. వాన పడి ఆకులు తడిశాయంటే సిగ్నల్‌ని ఇంకా పీల్చేస్తాయి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈ దెబ్బ ఎక్కువ. పైన డాబా స్లాబు. ఆరుబయట నిలబడ్డ మనిషి లెక్క వేరు, వానాకాలంలో తోట మధ్య ఇంట్లో మంచం మీద కూర్చున్న మనిషి లెక్క వేరు.

మా లంకలో ఇంకో విచిత్రం ఉంది. గట్టు మీద రావిచెట్టు దగ్గర నిలబడితే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, అది ఏటి అవతలి జిల్లా టవర్. నీటి మీదుగా అడ్డం లేకుండా సిగ్నల్ వచ్చేస్తుంది. కాల్ చేస్తే మాత్రం అవతలివాళ్ళకి మన మాట ముక్కలు ముక్కలుగా పోతుంది, ఫొటో అప్‌లోడ్ చేస్తే తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే టవర్ పంపే సిగ్నల్‌కున్న బలం మన చేతిలో ఫోన్‌కి ఉండదు, అది ఇక్కడికి చేరింది కదా అని ఇది అక్కడికి చేరాలని లేదు. గీతలు చూసి కవరేజ్ అనడం ఇక్కడే తప్పుతుంది, మాక్కావాల్సింది ఎక్కువగా పంపడమే. వేలిముద్ర పంపాలి, ఫొటో పంపాలి, ఫారం పంపాలి.

ఇంకొకటి, బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం ఎంత స్పీడు అన్నది. 2023 జనవరిలో దీన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. పెంచినా కూడా ఇంట్లో ఒకరు వీడియో పాఠం వింటుంటే రెండోవాళ్ళకి మిగిలేదేమీ ఉండదు. అదీ డౌన్‌లోడ్ లెక్కే.

ఇప్పుడు మ్యాపు తప్పైతే ఎవరికేమైందని అడుగుతారేమో. చెప్తాం.

1. ఒకటో తారీఖు పింఛను. సచివాలయం స్టాఫ్ తెల్లారేసరికే వస్తారు, వాళ్ళ కష్టం కాదనలేం. 4,000 రూపాయలు చేతిలో పట్టుకుని ఉంటారు, ఫోన్‌లో ముఖం పట్టాలి లేదా వేలు పడాలి, సర్వర్‌కి చేరాలి. ఇంట్లో చేరదు. అప్పుడు మంచం మీద ఉన్న ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కుర్రాళ్ళు మోసుకుంటూ గట్టు మీదకి తీసుకెళ్తారు. ఇంటి దగ్గరికే పింఛను అన్నది మా ఊళ్ళో గట్టు దగ్గరికే పింఛను. వర్షం పడే నెలల్లో గొడుగు పట్టుకోడానికి మూడో కుర్రాడు కావాలి.

2. పంట. మా లంకలో వరి తక్కువ, అరటి, కంద, కూరగాయలు, కొబ్బరి ఎక్కువ, గట్టు అవతల కౌలుకి సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి చేసేవాళ్ళు మాత్రం మావాళ్ళే. ఏ చేలో ఏ పంట ఉందో ఆన్‌లైన్‌లో ఎక్కించే ఈ-క్రాప్ నమోదుకి చేలోకెళ్ళి ఫొటో తియ్యాలి, అది ఎక్కాలి, ఆ తర్వాత రైతు తానేనని రుజువు చేసే ఈకేవైసీ చెయ్యాలి. అది ఎక్కకపోతే ధాన్యం అమ్ముకోవడానికీ ఇబ్బంది, నష్టపరిహారానికీ ఇబ్బంది. కౌలురైతుకి అసలే కాగితాలు తక్కువ, ఉన్న ఒక్క ఆధారం సిగ్నల్ మీద ఆధారపడింది. దాళ్వా ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉన్నప్పుడు మబ్బు పట్టిందంటే ఒక్కో గంట ఒక్కో బస్తా విలువ. అరటి గెలలు కొట్టాలా ఆపాలా అనేది పొద్దున్నే రావులపాలెం మార్కెట్ రేటు చూసి డిసైడ్ అవుతారు, కొబ్బరికాయ దింపు అంబాజీపేట రేటు చూసి పెట్టుకుంటారు. ఆ రేటు ఎవరి ఫోన్‌లో ముందు పడితే బేరం వాడిది. మా దగ్గర ముందు పడేది దళారి ఫోన్‌లోనే, ఎందుకంటే ఆయన ఉండేది టౌన్‌లో. ఉప్పలగుప్తం, భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఉండే కుర్రాళ్ళ సంగతీ అంతే, తెల్లారగట్ట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గే టైముకే కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే ఓనర్‌కి కాల్ కలవాలి, కలవకపోతే పొద్దునకి చెరువులో రొయ్యలన్నీ పోతాయి.

3. పిల్లలు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేది కొద్ది రోజులే. నా షాపులో ఆ రోజుల్లో రాత్రి దాకా కూర్చుంటారు, నెట్ పోతే బండేసుకుని పెద్ద ఊరికి పోవాలి, అమ్మాయిల్ని రాత్రిపూట పంపరు, అందుకని ఇచ్చిన ఆప్షన్లే లాక్ చేసేసి వచ్చేస్తారు. ర్యాంకు బాగానే వచ్చి దూరం కాలేజీలో పడిన పిల్లలు మా ఊళ్ళో ఉన్నారు. దీన్ని మీ లెక్కల్లో ఏ కాలమ్‌లో రాస్తారో నాకు తెలీదు.

4. గల్ఫ్ తల్లులు. ఇది మీ రిపోర్టుల్లో ఎక్కడా ఉండదు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా. మా వైపు నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తారు. అక్కడ వాళ్ళకి పని అయ్యి ఫోన్ చేతికొచ్చేసరికి ఇక్కడ రాత్రి చాలా పొద్దుపోద్ది. ఆ టైములో పిల్లని నిద్ర లేపి చీకట్లో, పాములు తిరిగే తోటలోంచి టార్చి వేసుకుని గట్టు మీదకి తీసుకెళ్ళి వీడియో కాల్ చూపించే అమ్మమ్మలు ఉన్నారు. సగం సార్లు బొమ్మ ఆగిపోద్ది. ఆ పిల్లకి ఐదేళ్ళు, వాళ్ళమ్మ ముఖం ఎప్పుడూ చతురస్రాలు చతురస్రాలుగానే చూసింది. డబ్బు కోసం వెళ్ళారు కదా అని తేలిగ్గా అనేవాళ్ళుంటారు. ఆ డబ్బు ఇక్కడ బ్యాంకుల్లోనే పడుతోంది, ఆ ఫోన్లకి రీచార్జులు కడుతున్నదీ ఆ డబ్బుతోనే.

5. వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా ఊళ్ళో చిన్నపిల్లలక్కూడా తెలుసు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. అలాంటప్పుడు ప్రమాదం అని లంకల్లో కరెంటు తీసేస్తారు, టవర్‌కి బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది, జనరేటర్‌కి డీజిల్ తీసుకెళ్ళే దారి మునిగిపోయి ఉంటుంది. హెచ్చరికలన్నీ ఫోన్‌కే వస్తాయి, పడవ ఎప్పుడొస్తుందీ, గర్భిణీల్ని ఎక్కడికి తరలిస్తున్నారు, పాలు, నీళ్ళు ఎక్కడ ఇస్తున్నారు, అన్నీ వాట్సాప్ గ్రూపులోనే. ముందు రోజుల్లో ఊళ్ళో డప్పు కొట్టి చాటుతూ టముకు వేసేవాళ్ళు. ఇప్పుడు టముకు ఆపేశారు, ఎందుకంటే అందరికీ ఫోన్లున్నాయి, మ్యాపు ప్రకారం సిగ్నలూ ఉంది! కంట్రోల్ రూములో కూర్చున్న ఆఫీసరు ఆ పచ్చరంగు చూసే మెసేజ్ పంపించేశాం, చేరిపోయింది అనుకుంటారు. మిగతా పాయింట్లలో నష్టం డబ్బుతోనో టైముతోనో పోతుంది, ఇక్కడ ప్రాణంతో ఆట.

6. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇది. మ్యాపులో పచ్చగా ఉన్నందుకే మాకు ఏ పథకమూ రాదు. 2022 జులైలో కవరేజ్ లేని 24,680 గ్రామాలకి 4జీ ఇవ్వడానికి కేంద్రం 26,316 కోట్లు ఆమోదించింది, ఆ లిస్టులోకి రావాలంటే ముందు లేదు అని తేలాలి కదా. సవరించిన భారత్‌నెట్‌కి 1,39,579 కోట్లు, అందులో 2.64 లక్షల పంచాయతీలకి రింగ్, పంచాయతీ కేంద్రం కాని మరో 3.8 లక్షల గ్రామాలకి అడిగితే కనెక్షన్ అని రాసుంది. మేం అడుగుతూనే ఉన్నాం. అడిగితే మీది కవర్డ్ అంటున్నారు. ప్రైవేటు కేబుల్ ఆయన్ని అడిగితే పాయ దాటించి నాలుగు కనెక్షన్ల కోసం తీగ లాగితే నాకేం మిగులుతుంది అంటాడు, ఆయన లెక్క ఆయనది. అలా మిగలని చోట వెయ్యడానికే కదండీ కంపెనీల ఆదాయంలో 5 శాతం వసూలు చేసి పెడుతున్నది, దానికే కదా డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది మ్యాపే. అది తప్పైతే డబ్బు కూడా తప్పు చోటికే పోద్ది.

ఇది మనకే వచ్చిన జబ్బు కూడా కాదు. అమెరికాలో టెలికాం వ్యవహారాలు చూసే ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ చాలా ఏళ్ళు ఇలాగే చేసింది, సెన్సస్ బ్లాకు అని ఒక ముక్కలో ఒక్క ఇంటికి కంపెనీ నెట్ ఇవ్వగలిగితే చాలు, ముక్క మొత్తానికి ఉన్నట్టు రాసుకునేవాళ్ళు. పల్లెల్లో ఆ ముక్కలు చాలా పెద్దవి, అక్కడివాళ్ళూ మాలాగే మొత్తుకున్నారు. చివరికి 2020 మార్చిలో దాని మీద చట్టమే చేశారు. 2022 నవంబర్‌లో ఇంటింటినీ ఒక్కో చుక్కగా పెట్టి కొత్త మ్యాపు వేశారు, మా ఇంటికి రావట్లేదు అని సామాన్యుడు కూడా ఆ చుక్క మీదే అభ్యంతరం పెట్టొచ్చు, కంపెనీ 60 రోజుల్లోపు ఒప్పుకోవాలి లేదా కాదనాలి. ఆ మ్యాపు లెక్కతోనే 42.45 బిలియన్ డాలర్ల నిధుల్ని రాష్ట్రాలకి పంచారు. అది కూడా తప్పుల్లేని మ్యాపేం కాదు, అభ్యంతరాలు లక్షల్లో వచ్చాయి. కానీ అభ్యంతరం పెట్టడానికి ఒక కిటికీ ఉంది, దానికి గడువు ఉంది. మాకు కావాల్సింది అదే.

మన రాష్ట్రానికి చేతకాదని నేననుకోవట్లేదు. 2017 డిసెంబర్‌లో కరెంటు స్తంభాల మీద ఫైబర్ లాగి 149 రూపాయలకే టీవీ, ఫోన్, నెట్ కలిపి ఇస్తాం అని రాష్ట్రపతి చేతుల మీద మొదలుపెట్టిన రాష్ట్రం మనది. సచివాలయాల్లో ఇంటింటి లెక్క ఉంది. ఏ ఇంట్లో ఎన్ని కరెంటు యూనిట్లు కాలాయో, ఎవరి పేరున ఎన్ని సెంట్లు ఉందో చెప్పే డేటా ఉన్నవాళ్ళకి ఆ ఇంట్లో నెట్ వస్తుందో లేదో కనుక్కోవడం ఎంత పనండీ.

మా డిమాండ్లు ఇవి.

1. పంచాయతీని కొలతగా తీసెయ్యండి. ప్రతి శివారు, పేట, లంక, మెరక మ్యాపులో విడిగా కనిపించాలి. ఒక్కోదాని పక్కన ఫైబర్ ఇంటిదాకా ఉందా, బాక్సు దాకానే ఉందా, మొబైల్ ఒక్కటే ఉందా, ఏదీ లేదా అని నాలుగు రకాలుగా చూపించాలి. ముందు గోదావరి పాయల మధ్య లంకలతో మొదలుపెట్టండి, ఇక్కడ పని చేసిన పద్ధతి ఎక్కడైనా పని చేస్తుంది.

2. ప్రతి పచ్చచుక్క మీద నొక్కితే చివరిసారి ఎప్పుడు నడిచింది, గత నెలలో ఎన్ని గంటలు ఆగింది అనేది రావాలి. నెలరోజులు నడవని బాక్సు దానంతటదే ఎర్రగా మారాలి. మనుషులు రాయాల్సిన పని లేకుండా చెయ్యండి, మనుషులు రాస్తే ఏం రాస్తారో మీకూ తెలుసు.

3. మ్యాపు మీదే అభ్యంతరం పెట్టే వీలు, తెలుగులో. అభిప్రాయం రాసే డబ్బా కాదు మేం అడిగేది. అభ్యంతరం పెట్టిన 30 రోజుల్లో మనిషి వచ్చి ఆ చోట టెస్ట్ చెయ్యాలి, అప్‌లోడ్ స్పీడుతో సహా రాయాలి, ఫిర్యాదు పెట్టినవాళ్ళు ఓటీపీ చెప్తేనే క్లోజ్ అవ్వాలి. ఇప్పుడు మూసేసినట్టు మ్యాపు చూసి మ్యాపు మీద ఫిర్యాదు మూసెయ్యడం ఆపాలి. గడువు దాటితే ఆ చోటు కవరేజ్ లేనట్టే లెక్కలోకి రావాలి.

4. బండిలో తిరుగుతూ సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్టులు కారు వెళ్ళే రోడ్డు మీదే చేస్తే లంకలు ఎప్పటికీ రావు. గట్టు దిగి, తోటల్లోకి నడిచి, పడవ మీద అవతలికి వెళ్ళి, ఇంటి లోపల కూర్చుని చెయ్యండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి.

5. ఏ పంచాయతీనైనా సర్వీస్ రెడీ అని రాసే ముందు గ్రామసభలో చదివి వినిపించాలి, శివార్లవాళ్ళు కాదంటే ఆ మాట కూడా రికార్డులో ఎక్కాలి.

6. పంచాయతీ కవర్డ్ అన్న కారణంతో శివారు గ్రామం పెట్టిన భారత్‌నెట్ దరఖాస్తుని తిరస్కరించకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. మిగతావాటికి టైం పడుతుందంటే అర్థం చేసుకుంటాం, దీనికి ఒక సర్క్యులర్ చాలు, రేపే ఇవ్వొచ్చు.

7. జూన్ లోపు, అంటే ఏటికి ఎర్రనీళ్ళు రాకముందే, వరద ముప్పున్న లంకల లిస్టులో ఏ టవర్‌కి ఎన్ని గంటల బ్యాకప్ ఉందో కలెక్టరేట్ బోర్డు మీద పెట్టండి. ఎక్కడ చాలదో అక్కడ టముకు, మైకు ఏర్పాటు తిరిగి పెట్టండి. దీనికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మిగతా లంకల వాళ్ళకి కూడా ఒక మాట. ఇంట్లో, పెరట్లో, గట్టు మీద మూడు చోట్లా స్పీడ్ టెస్ట్ చేసి తేదీ, టైం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, డౌన్‌లోడ్ ఒక్కటే కాదు అప్‌లోడ్ కూడా. రేపు అభ్యంతరం పెట్టే రోజొస్తే మన దగ్గర కాగితం ఉండాలి. ఇంట్లో నెట్ రాక టెస్టే ఓపెన్ అవ్వలేదంటే ఆ ఫెయిలైన స్క్రీనే సాక్ష్యం, అది కూడా తీసుకోండి.

ఈ లేఖకి జవాబుగా మళ్ళీ కవర్డ్ అని మెసేజ్ పంపొద్దని మనవి. మీలో ఎవరొస్తామన్నా పడవ మేం పెడతాం, భోజనం మా ఇళ్ళల్లో. వచ్చేటప్పుడు మీ మ్యాపులో మా లంక మీద పచ్చగా ఉన్న కంపెనీ సిమ్ ఏదో అదే వేసుకుని రండి, ఇక్కడికొచ్చాక మీ ఆఫీసుకి ఓ వీడియో కాల్ చేసి చూపించండి.

ఇట్లు,
లంక గ్రామస్తుల తరఫున,
గట్టు దిగువ నెట్ షాపతను
డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా